నల్లరాళ్ళ యెడారి

ఊరగాయ జాడీలలో బూజు పట్టకుండుటకు ఉపాయము చెప్పుడని కొందఱు సోదరీమణులు అడిగియున్నారు. దానికి వచ్చు నెలలో జవాబు వ్రాయుదుము. ఈ మాసము మా పుటలను రాజంపేట వైపు చెల్లెలొకతె ప్రశ్నకు ఇచ్చివేయవలసి వచ్చినది.

కామారెడ్డిలో ఒక పెండ్లియింట ఆమె మాకు కనబడినది. భోజనములైన పిదప ఆడవారమందఱము చాపలమీద కూర్చుండియుండగా ఆమె తన సెల్లుఫోను తీసి ఒక ఛాయాపటము చూపినది. ఆమె పెనిమిటి సౌదీ అరేబియాలో మదీనా పట్టణమునకు ఉత్తరమున, ఖైబరు దగ్గఱ, గొఱ్ఱెలు కాచుచున్నాడు. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో మగవాడు అరబ్బు దేశములలో ఏ దేశమునకు పోయినను "దుబాయి పోయినాడు" అనియే యందురు గదా! ఈమెయు అట్లే చెప్పినది. పటములో అతడు నిలువుగఱ్ఱ పట్టుకొని నవ్వుచున్నాడు. వెనుక గొఱ్ఱెలు. వాని కాళ్ళ క్రిందను, వెనుకను, కనుచూపుమేర నల్లని రాళ్ళు. చెట్టు లేదు, గడ్డిపోచ లేదు.

"అక్కా, ఇదేమి భూమి? అడవి కాలి బొగ్గయినట్లున్నది. ఎడారి యనిన ఇసుక యుండునని అనుకొంటిని" అని ఆమె యడిగినది. పిమ్మట గొంతు తగ్గించి, "అక్కడి కొండలలో నిప్పున్నదని, అవి ఎప్పుడైనను పగులునని మా పిల్లవాడు పుస్తకములో చదివి చెప్పినాడు. అప్పటినుండి బీడీలు చుట్టుచున్నను చేతులాడుట లేదు" అన్నది. ఆ పెండ్లి సందడిలో మేము పొడిపొడిగా ఏదో చెప్పితిమి. ఆమెవంటి వారు మన చదువరులలో పెక్కుమంది యుందురు గనుక ఇచ్చట వివరముగా వ్రాయుచున్నాము.

ఆ భూమిని అరబ్బులు "హర్రా" అందురు. నల్లరాళ్ళు పఱచుకొన్న బీడు అని యర్థము. భూగర్భమునుండి వెలువడిన కరగిన రాయి నేలమీద పాఱి, చల్లాఱి, గట్టిపడగా ఏర్పడిన ప్రదేశమది. అరేబియా పడమటి అంచున, ఎఱ్ఱసముద్రమునకు సమీపమున, ఇట్టి బీళ్ళు ఉత్తరమునుండి దక్షిణము వఱకు వరుసగా నున్నవి. అన్నియు గలిపి సుమారు 1,80,000 చదరపు కిలోమీటర్లు. అనగా మన తెలంగాణమునకు ఒకటిన్నర రెట్లకు మించినది. వానిలో కొన్ని పొరలు సుమారు 3 కోట్ల సంవత్సరముల నాటివి. ఎఱ్ఱసముద్రము చీలి వెడల్పగుట మొదలైన కాలమున ఈ నిప్పుకూడ బయలువెడల నారంభించినది. కొన్ని పొరలు మాత్రము నిన్న మొన్నటివి. వాని సంగతి ముందు చెప్పుదుము.

అగ్నిపర్వతమనగానే కోసుగా నిలిచిన కొండయు, కొనమీద పొగయు మనకు స్ఫురించును. పాఠ్యపుస్తకములలోని బొమ్మలట్లే యుండును. కాని కొండ ఆకారమంతయు లోపలి ద్రవము చిక్కదనమును బట్టి యుండును. గంజి నేలపై పోసిన నిలుచునా? పాఱిపోవును. సంకటి వేసిన, వేసినచోటనే ముద్దగా నిలుచును. రాయి కరగి గంజివలె వచ్చినప్పుడు ఎంతో దూరము పాఱి, పొరమీద పొరగా పఱచుకొని, నడుమ కొంచెమెత్తుగా, అంచులు పల్లముగా, బోర్లించిన మూకుడువలె కొండ ఏర్పడును. యుద్ధభటుని డాలు నేలమీద పెట్టినట్లున్నదని శాస్త్రజ్ఞులు దానికి డాలు అగ్నిపర్వతమని పేరుపెట్టిరి. అట్టి కొండ యెక్కుచున్నను ఎక్కుచున్నట్లు తెలియదు. సంకటివలె చిక్కగా వచ్చినప్పుడు నిటారు కొండలు పుట్టును. ఖైబరు హర్రాలో రెండు విధములును గలవు. అక్కడి జబల్ అబ్యద్, అనగా తెల్లకొండ, సముద్రమట్టమునకు 2,093 మీటర్ల ఎత్తున్నది. చిక్కని లేతవన్నె రాతితో నయినది. దాని చుట్టును మైళ్ళకొలది నల్లరాతి బీడు. నల్లని దుప్పటిమీద సున్నపు ముద్ద పెట్టినట్లుండును.

ఇప్పుడు మన యింటివైపు చూతము.

రాజంపేట చుట్టుపట్ల నేల ఎఱ్ఱ చెలక. గుండ్లు, పరుపుబండలు. ఆ రాయి నల్లనిది కాదు. గులాబి, బూడిద వన్నెలు కలిసిన గ్రానైటు జాతి. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. మన వంటయింటి సన్నికల్లు, రోలు తఱచుగా అట్టి రాతివే. ఈ నేలలో నీరు రాతి పగుళ్ళలోను, పైనున్న మెత్తని పొరలోను మాత్రమే నిలుచును. అందుచేతనే బావులు వేసవికి అడుగంటుట, ఒకని పొలములో బోరు పడి ప్రక్కవాని పొలములో పడకుండుట. నిజాముసాగరు కాలువ పాఱు ఊళ్ళ సంగతి వేఱు. చెలక నేలల వారికి చెఱువు నిండినయేడు పంట, నిండనియేడు దుబాయి. ఆ చెల్లెలి పెనిమిటి ఎడారికి పోవుటకు మూలము వెదకినచో సగము ఈ రాతిలోనే యున్నది.

కాని అదే జిల్లాలో పడమటికి, బిచ్కుంద, మద్నూరు, జుక్కలు వైపు పోయి చూడుడు. గుండ్లు తగ్గి, నేల నల్లబడుచు వచ్చును. పత్తి, కంది, శనగ, సోయా పండు రేగడి అది. వేసవిలో ఆ నేల నోళ్ళు తెఱచును. ఆ నెఱ్ఱెలలో కాలిమట్టె జాఱిపడిన మరల దొరకదు. వానాకాలమున పాదమునకు సేరుడు మట్టి అంటుకొని చెప్పు ఊడిపోవును. ఆ రేగడి క్రింద త్రవ్విన నల్లరాయి తగులును. ఆ నల్లరాయియు, ఖైబరు వద్ద మన గొఱ్ఱెలకాపరి కాలిక్రింది నల్లరాయియు ఒకే జాతివి! రెండింటికిని బసాల్టు అని పేరు.

దక్కను దేశమునందు ఆ నిప్పు బయలువెడలినది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట. అది ఒక కొండ పగులుట గాదు. నేలయే పొడవునా చీలి, ఆ చీలికలనుండి కరగిన రాయి వెల్లువగా పాఱినది. ఆగుచు, మరల పాఱుచు కొన్ని లక్షల సంవత్సరములు జరిగినది. ఇప్పుడు మిగిలినదే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమలవద్ద దాని మందము రెండు కిలోమీటర్లకు పైబడును; తూర్పునకు వచ్చుకొలది పలుచనై, మన కామారెడ్డి జిల్లా పడమటి అంచున ముగియును. పిండి పలుచగా పోసిన అట్టు అంచును తలచుకొనుడు. ఆ కొండల ప్రక్కలు మెట్లుమెట్లుగా నుండుటచేత, మెట్టు అను అర్థముగల స్వీడను దేశపు మాటనుబట్టి వీనికి "ట్రాపులు" అని పేరు వచ్చినది.

ఇక్కడితో ముగిసినదనుకొంటిమా! అచ్చటినుండి నూఱుల కిలోమీటర్ల దూరమున, గోదావరి సముద్రమున గలియుటకు ముందు, రాజమహేంద్రవరము దగ్గఱ కాతేరు, పంగిడి, గౌరీపట్నముల వద్ద మరల అదే నల్లరాయి కనబడును. ఆ రాతి గుణములను పరీక్షించినవారు అది పడమటి కనుమల వైపునుండి పాత నదీలోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు పాఱివచ్చినదని నిర్ణయించిరి. భూమిమీద ఇంతకంటె దూరము పాఱిన లావా మఱియొకటి తెలియదందురు. గౌరీపట్నము రాతిగనులలో ఆ రాయి పగులగొట్టి కంకర చేసి బాటలకు వేయుచున్నారు. అంత దూరము నడిచివచ్చిన రాయి మన బండ్లచక్రముల క్రింద పడుట చూడ మాకు వింతగా తోచును.

ఆ నిప్పు పుట్టిన పొయ్యి యిప్పు డెక్కడ నున్నదని అడుగుదురేమో. పొయ్యి కదలక యుండగా పైన పెనము జరిగినట్లు, మన భూఖండము ఉత్తరమునకు జరిగి వచ్చినది. పొయ్యి హిందూమహాసముద్రములోనే నిలిచిపోయినదని పెక్కుమంది శాస్త్రజ్ఞుల యభిప్రాయము. రీయూనియన్ ద్వీపములో అది నేటికిని మండుచున్నది. దాని ప్రక్కనున్న మారిషసు ద్వీపముకూడ ఆ పొయ్యిమీద పుట్టిన పాత డాలు అగ్నిపర్వతమే, ఇప్పుడు చల్లారినది. గత శతాబ్దికి ముందటి శతాబ్దిలో కోరంగి రేవునుండి ఓడలెక్కి కూలికిపోయిన మన తెలుగువారు ఆ ద్వీపమునందు చెఱకు తోటలలో పనిచేసిరి. అక్కడి చేలలోని నల్లరాళ్ళు ఏఱి గుట్టలుగా పోయుట కూలీల కష్టములలో నొకటి. వారి సంతతివారు అక్కడ నేటికిని ఉగాది జరుపుకొనుచున్నారు. ఆనాడు ఆ దేశమంతటికిని సెలవు.

మరల అసలు ప్రశ్నకు వత్తుము. ఒకే జాతి రాయి గదా, మద్నూరున పత్తి పండించుచున్నది, ఖైబరున గడ్డియైన మొలవనీయకున్నది, ఎందుచేత? వయస్సు భేదము కొంత. అసలు భేదము వాన. మన వైపు సంవత్సరమునకు సుమారు 1,000 మిల్లీమీటర్లు కురియును. నాలుగు నెలలు తడియుట, ఎనిమిది నెలలు ఎండుట. ఇట్లు లక్షల యేండ్లు జరుగగా నల్లరాయి మెత్తబడి, విఱిగి, నీరు త్రాగిన ఉబ్బి, ఎండిన ముడుచుకొను సన్నని బంకమన్నుగా మాఱును. రేగడి నోరు తెఱచుటకు కారణమిదియే. పూర్వము కొన్ని యూళ్ళలో స్త్రీలు తలకు రుద్దుకొని స్నానము చేసిన మన్ను ఇదియే. జిడ్డును పట్టుకొను గుణము దానికి గలదు. ఖైబరు ప్రాంతమున వాన సంవత్సరమునకు 100 మిల్లీమీటర్లైన సరిగా పడదు. రాయి తడియదు, కుళ్ళదు, మన్ను కాదు. నిన్న చల్లారినదో వేయి యేండ్ల క్రిందట చల్లారినదో చూచినవారికి తెలియనట్లు పదునుగా నిలిచియుండును. ఆ చెల్లెలు "కాలిన అడవి" అన్నది గాని, అక్కడ కాలినది రాయి. కాలిన తరువాత దానిమీద నీరు చల్లినవారు లేరు.

ఇక ఆమె నిద్ర చెడగొట్టిన భయము. దాచక చెప్పుదుము: ఆమె పిల్లవాడు చదివినది అబద్ధము గాదు. మదీనాకు ఆగ్నేయమున, రహాత్ అను హర్రాలో, 1256వ సంవత్సరమున నేల కంపించి, చీలి, 52 దినములు నిప్పు వెలువడినది. లావా 23 కిలోమీటర్లు పాఱి, పట్టణమునకు కొలది క్రోసుల దూరమున నిలిచిపోయినది. పట్టణము దక్కినది. వింత యేమనగా, అదే సంవత్సరము రంజాను మాసమున మదీనాలోని పెద్ద మసీదు కాలిపోయినది; దానికి కారణము లావా గాదు, ఒక సేవకుని దీపము! దేవుని గూటిలో దీపముంచి పడుకొను మన యిండ్లలోకూడ ఈ మాట జ్ఞాపకముంచుకొనదగినది.

2009వ సంవత్సరమునందు మఱియొకటి జరిగినది. ఖైబరుకు పడమట, లునయ్యిర్ అను హర్రాలో, ఏప్రిలు మొదలు జూను వఱకు 30,000కు పైగా చిన్న పెద్ద భూకంపములు వచ్చినవి. మే 19వ తేదీన వచ్చినది అన్నిటికంటె పెద్దది. నేల కిలోమీటర్ల పొడవున చీలినది. కరగిన రాయి క్రిందనుండి పైకి వచ్చుచున్నదని యంత్రములు తెలిపినవి. ప్రభుత్వమువారు అల్ ఐస్ అను ఊరినుండియు చుట్టు పల్లెలనుండియు 30,000కు పైగా జనమును లేపి దూరమునకు పంపివేసిరి. నిప్పు బయటికి రాలేదు, లోపలనే చల్లబడసాగినది. కొన్ని నెలలకు జనులు తిరిగి వచ్చిరి.

ఈ రెండు వృత్తాంతములలోను గమనింపవలసినది యొకటి గలదు. నిప్పు చెప్పకుండ రాలేదు. ముందుగా దినములు, వారములు భూమి వణకినది. మఱియు అట్టి పలుచని లావా తఱచుగా మనిషి నడకకంటె మెల్లగా పాఱును. ఇండ్లు పోవచ్చును గాని, కాళ్ళున్నవాడు తప్పించుకొనగలడు. భయమంతయు గొఱ్ఱెలకాపరి యొంటరితనములో నున్నది. ఊరిలో నున్నవానికి తమటాకు వినబడును. బీడులో నున్నవానికి ఎవరు చెప్పుదురు? కావున నేల వణకుట తెలిసినచో గొఱ్ఱెలను విడిచియైనను ఊరివైపు పొమ్మని మనము ముందే చెప్పియుంచవలెను. ప్రతిదినము ఒకమాఱు తానున్న చోటును సెల్లుఫోనులోని పటమునందు గుర్తుపెట్టి పంపుమని కోరవలెను. ఇది నిప్పునకు మాత్రమే కాదు, దారి తప్పినప్పుడును, ఎండదెబ్బ తగిలినప్పుడును పనికివచ్చును. నిజము చెప్పవలెనన్న, అక్కడ మనవారిని చంపునది కొండలోని నిప్పు గాదు, నెత్తిమీది ఎండ.

ఆమెను మేము మఱియొక ప్రశ్న అడిగితిమి. "ప్రవాసీ భారతీయ బీమా యోజన" కాగిదము మీ యింట నున్నదా? ఆమె ఆ పేరే వినలేదు. వలస అనుమతి ముద్ర తీసుకొని గల్ఫు దేశములకు కూలికి పోవువారందఱును ఈ బీమా తీసికొనవలెనని నిబంధన. 2017లో సవరించిన ప్రకారము ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవికలుడైనను 10 లక్షల రూపాయలు వచ్చును. రెండేండ్లకు రుసుము 275 రూపాయలు, మూడేండ్లకు 375. కాగిదము మగవాని పెట్టెలో ఎడారికి పోయిన ఇంటిలోని స్త్రీకి ఏమి యుపయోగము? దాని నకలు ఇంట నుండవలెను. నామినీగా ఎవరి పేరున్నదో చూచుకొనవలెను. గడువు దాటినదా లేదా చూచుకొనవలెను. ఆమె ఆ రాత్రియే ఫోనుచేసి అడుగుదునన్నది.

ప్రమాదమును దూరదేశముననే వెదకుట మనుష్యస్వభావము. మన యింటి గోడ సంగతి చెప్పనిది ఈ వ్యాసమును ముగింపజాలము. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱుజామున సుమారు నాలుగు గంటలకు, మన పడమటి పొరుగున లాతూరు జిల్లా కిల్లారి వద్ద భూమి కంపించినది. అంతకు ముందటి రాత్రి గణపతి నిమజ్జనము చేసి వచ్చి జనులు అలసి నిద్రించుచుండిరి. సుమారు 8,000 మొదలు 10,000 మంది వఱకు మరణించిరి. అది అగ్నిపర్వతము వలన కాదు. ఆ నల్లరాయి నిప్పు ఆఱి కోట్ల సంవత్సరములైనది. పిమ్మట అక్కడ లోతుగా బోరు వేసి చూడగా 338 మీటర్ల నల్లరాతి క్రింద, కొంచెము మన్ను పొర దాటిన పిదప, మన రాజంపేట బండలవంటి ప్రాచీన శిలయే తగిలినది. ఆ పాత శిలలోని పగులు కదలినది. అంతమందిని చంపినది మాత్రము ఇండ్లు. రెండు మూడడుగుల మందమున గుండ్రాళ్ళను మన్నుతో పేర్చిన గోడలు. వానిమీద బరువైన మట్టి మిద్దెలు. కంపము రాగానే గోడ లోపలి ముఖమొకవైపు, వెలుపలి ముఖమొకవైపు విడిపోయి, మిద్దె నిద్రించువారిపై పడినది.

మన వైపు పాత యిండ్లు కొన్ని ఇట్టివే. చల్లగా నుండునని మనమును వానిని మెచ్చుకొందుము. పడగొట్టుడని మేము చెప్పుట లేదు. మరమ్మతు చేయించునప్పుడు గోడ రెండు ముఖములను కలుపుచు అడ్డముగా పొడవురాళ్ళు అక్కడక్కడ వేయింపవలెను. ద్వారబంధముల పైన ఇల్లంతయు చుట్టివచ్చునట్లు ఇనుపకడ్డీలతో కాంక్రీటు పట్టీ పోయింపవలెను. ప్రతి సంవత్సరము మిద్దెమీద కొత్తమన్ను వేయుచు బరువు పెంచుట మానవలెను. మేస్త్రీ వినకున్న, ఇంటిలో పడుకొనువారము మేమని చెప్పవలెను.

ఖైబరు గొఱ్ఱెలకాపరికి వినోదముగా చెప్పదగిన సంగతు లొకటి రెండు మిగిలినవి. లావా పాఱునప్పుడు పైపొర చల్లబడి గట్టిపడును. లోపల ద్రవము పాఱుచునే యుండును. అది ఖాళీ యయిన పిదప సొరంగము మిగులును. ఖైబరు హర్రాలో ఉమ్ జిర్సాన్ అను అట్టి సొరంగము సుమారు ఒకటిన్నర కిలోమీటరు పొడవున్నది. 2024లో ప్రకటింపబడిన పరిశోధనలో, 7,000 సంవత్సరములనుండి మనుష్యులు అందులో తలదాచుకొనుచుండినట్లు తెలిసినది. ఆ చేరువ రాళ్ళమీద గొఱ్ఱెల, మేకల, ఆవుల, కుక్కల బొమ్మలు చెక్కియున్నవి. ఎండవేళ మందతో నీడ వెదకిన మొదటివాడు ఆమె పెనిమిటి కాడన్నమాట.

ఇంకొక వింత. అదే అరేబియాలో అల్ వాబా అను మహాగర్తము గలదు. 250 మీటర్ల లోతు, అడుగున తెల్లని ఉప్పు. ఆకాశమునుండి ఉల్క పడి ఏర్పడినదని మొదట తలచిరి. నేలలోని నీరు నిప్పుతో గలిసి ఆవిరియై ప్రేలగా నయినదని తరువాత తేలినది. మన దక్కను నల్లరాతిలో బుల్దానా జిల్లా లోణారు సరస్సున్నది. దానిని అగ్నిపర్వతము నోరని మొదట తలచిరి. ఉల్క పడి యేర్పడినదని పిదప తేలినది. పండితులు ఇక్కడిది అక్కడికి, అక్కడిది ఇక్కడికి చెప్పికొనిరి.

ఈ వ్యాసము వ్రాయుచుండగా ఆ చెల్లెలు ఫోను చేసినది. బీమా గడువు మూడు నెలలలో తీఱునట, నామినీ ఆమెయే. తన పెనిమిటి యున్న చోట రాళ్ళు వరుసగా పేర్చిన మొండిగోడలు చాల దూరము సాగియున్నవని, వానినుండి రాళ్ళు తెచ్చి అతడు పొయ్యి పెట్టుకొన్నాడని చెప్పినది. ఆ ప్రాంతమున వేలకొలది సంవత్సరముల నాటి రాతికట్టడములు కలవు: అడవిమృగములను తఱిమి పట్టుటకు కట్టిన పొడవుగోడలు, తాళపుచెవి రంధ్రమువంటి ఆకారము గల సమాధులు. అతడు చూచినవి అవునో కాదో పటమునుబట్టి చెప్పలేము. అయినను ఆ మాట ఆమెకు చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడక, "సమాధులా? అయ్యో! రాళ్ళు ఎక్కడివక్కడ పెట్టి, వేఱేచోట పొయ్యి వేసికొమ్మని ఈ రాత్రియే చెప్పుదును. అక్కడ రాళ్ళకేమి కొఱత?" అన్నది.